కూడితే ఎనిమిదొచ్చిన వైర్‌లెస్ కార్డు

వన్ టౌన్‌లో నేను గుమస్తాగా పనిచేసిన బట్టల హోల్‌సేల్ కొట్లో ల్యాప్‌టాప్‌కి ఒక స్థానం ఉండేది. ఆ స్థానాన్ని నిర్ణయించింది కరెంటు ప్లగ్గు కాదు, వాస్తు. మా షావుకారు గారు నైరుతిలో పరుపు మీద కూర్చునేవారు. ఆయన కుడిచేతి పక్కన గల్లాపెట్టె, దాని పక్కన ల్యాప్‌టాప్. కొన్నది సెకండ్ హ్యాండే అయినా కొత్త కోడలికి చేసినంత మర్యాద చేశారు. ముహూర్తం చూసి, మూత మీద పసుపు కుంకుమ పెట్టి, గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి, వచ్చే దసరా దాకా అది అక్కణ్ణుంచి కదలకూడదన్నారు.

ఇంటర్నెట్ డబ్బా మాత్రం పైన, వాళ్ళ ఇంట్లో ఉండేది. కరెంటుతో నడిచే వస్తువు కాబట్టి అగ్ని కిందికి వస్తుందని, ఆగ్నేయంలోనే ఉండాలని సిద్ధాంతి గారు చెప్పారు. ఆ సిద్ధాంతి గారు వాస్తు, జాతకం, అంకెల శాస్త్రం మూడూ ఒకే బోర్డు మీద రాయించుకున్న మనిషి. డబ్బా ఆగ్నేయం దాటదు, ల్యాప్‌టాప్ నైరుతి దాటదు. పోనీ వైరు లాగుదామంటే గడప మీదుగా లాగాలి. గడపకి అడ్డంగా వైరుంటే లక్ష్మీదేవి కాలికి తట్టుకుంటుందట. ఇక మిగిలిన దారి గాలి ఒక్కటే. వైర్‌లెస్ అనే మాట ఊళ్ళోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. రెండువేల ఏడో, ఎనిమిదో. ఊళ్ళో మిగతావాళ్ళు సదుపాయం కోసం వైర్‌లెస్ పెట్టించుకుంటే మా షావుకారు గారు శాస్త్రం కోసం పెట్టించుకున్నారు.

ఆ గాలి దారి ఒక వారం మూసుకుపోయింది. ల్యాప్‌టాప్ ముందు అంచున వెలగాల్సిన నీలం దీపం వెలగడం మానేసింది. సరిగ్గా ఆ వారంలోనే, ఒక గురువారం పొద్దున్నే, బందరు దగ్గరి నేత ఊరి నుంచి ఒకావిడ మొదటి బస్సుకి వచ్చి మా కొట్టు మెట్ల మీద కూర్చుంది.

ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. ఇంట్లో నేసేది భర్త. బయట మాట్లాడేది ఆవిడ. సంచీలోంచి ఒకే ఒక్క చీర తీసి పరుపు మీద పరిచింది. బూడిదరంగు కాటన్. అంచు పొడుగునా తెల్ల కొంగలు, ఒకదాని వెనక ఒకటి, నాట్లేసిన పొలంలో నడుస్తున్నట్టు. షావుకారు గారు చీరలని పొగిడే మనిషి కాదు. పొగిడితే ధర పెరుగుతుందని ఆయన భయం. ఆ చీరని మాత్రం చేత్తో ఒకసారి నిమిరి ఊరుకున్నారు. ఆయన లెక్కలో అదే సన్మానం.

బెంగుళూరులో ఒక పెద్ద కొట్టాయన పెళ్ళిళ్ల సీజన్‌కి కొత్త రకాలు ఎంచుకుంటున్నాడు. ఫొటోలు ఈమెయిల్లో పంపాలి. ఆ సాయంత్రం ఐదు దాటాక వచ్చినవి చూడనని ముందే చెప్పేశాడు. కొట్టు కెమెరాతో చీర ఫొటోలు తీసి ల్యాప్‌టాప్‌లో ఎక్కించి ఉంచాను.

"ఆర్డరొస్తే మగ్గం, రాకపోతే ఉయ్యూరు" అంది ఆవిడ నాతో.

"ఉయ్యూరేంటక్కా?"

"చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ పని తమ్ముడూ. మేస్త్రీ రేపు పొద్దున్నే రమ్మన్నాడు. మీ బావగారు సరేనన్నాడు. వెళ్తే వెళ్ళాడు, నాలుగు నెలలాగి వస్తాడు కదా అంటారు అందరూ. ఒకసారి దిగినోడు మళ్ళీ మగ్గమెక్కడు. మా మరిది అట్టాగే వెళ్ళాడు. ఆయన మగ్గం గుంటలో ఇప్పుడు బొగ్గులు పోసుకుంటన్నారు."

అలా ఆ రోజు ఒక మనిషి మగ్గం మీద ఉండడమా దిగడమా అన్నది ఒక నీలం దీపం మీద ఆధారపడింది.

నెట్ సెంటర్‌కి వెళ్ళొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. ఆ మాట పైకి అనగానే షావుకారు గారు, ఆవిడ ఇద్దరూ నావైపు ఒకేసారి చూశారు. మా వీధిలో పొద్దున్న బయటపడ్డ డిజైను సాయంత్రానికి ఎదురు కొట్లో వేలాడుతుంది. నెట్ సెంటర్ కంప్యూటర్లో కొంగలు దిగితే మర్నాటికి వీధంతా కొంగలే. ఈ విషయంలో వాళ్ళిద్దరి భయం నిజమే.

"పోనీ ఈ పూటకి ల్యాప్‌టాప్ పైకి పట్టుకెళ్తే?" అన్నాను.

"గల్లాపెట్టె పక్కది మేడెక్కితే వ్యాపారం అటకెక్కుద్ది. నువ్వేదో చదువుతావు కదయ్యా లైబ్రరీలో, దాని పని పట్టు" అన్నారు షావుకారు గారు.

నాకు డిగ్రీ లేదు. లైబ్రరీ కార్డు ఉంది. కొట్టు కట్టేశాక శాఖా గ్రంథాలయంలో ట్యూబ్‌లైటు కింద కూర్చుని, ఇంగ్లీషు కంప్యూటర్ పత్రికలని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. మా వీధిలో ఫిలాటలీ అంటే ఏమిటో, పెన్సిలిన్ ఎలా దొరికిందో, ల్యాప్‌టాప్ లోపల ఏముంటుందో తెలిసిన గుమస్తాని నేనొక్కణ్ణేనని నాకు గట్టి నమ్మకం. మొదటి రెండూ ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మూడోది అడిగే రోజు వచ్చినందుకు లోలోపల సంతోషించాను.

పత్రికలో చెప్పిన వరసలోనే వెళ్ళాను. మొదట పక్కనుండే చిన్న స్విచ్చి చూశాను. వేసే ఉంది. తర్వాత లోపలి పరికరాల పట్టీ తెరిచాను. అందులో వైర్‌లెస్ కార్డు పేరే లేదు. పేరుండి పని చేయకపోతే అది అలక. పేరే లేకపోతే ప్రాణం పోయినట్టు. ల్యాప్‌టాప్‌ని ఆపి, బ్యాటరీ తీసి, కూర్చున్న చోటనే బోర్లా తిప్పాను. తిప్పడానికి షావుకారు గారు అనుమతించారు. తిరగడం కదలడం కిందికి రాదట. అడుగున చిన్న మూత విప్పితే లోపల అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్ద పచ్చటి రేకు. దానికి నల్లది ఒకటి, తెల్లది ఒకటి, దారాల్లాంటి రెండు వైర్లు ఇత్తడి గుండీలతో అతుక్కుని ఉన్నాయి. అవి తెర వెనకదాకా పోతాయి. గాలిలోంచి సమాచారాన్ని పట్టేవి అవే.

"ఇదా గాలి తాగేది?" అంది ఆవిడ వంగి చూస్తూ.

"ఇదేనక్కా."

"మా మగ్గం అచ్చులో దారం తెగితే ఇట్టాగే గోటితో తీస్తాం. గట్టిగా లాగమాక, చినుగుద్ది."

గుండీలు గోటితో లేపాను. పక్క కొక్కేలు రెండు విడదీస్తే కార్డు పైకి లేచింది. ఈ కార్డుల్లో రెండు జాతులున్నాయి. పాతవాటిని పక్కన కొక్కేలు పట్టుకుంటాయి. కొత్తవి చిన్నవి, వాటిని మరలతో బిగిస్తారు. ఒకదాని గూట్లో ఒకటి కూర్చోదు. ఇదంతా పత్రికలో బొమ్మలతో సహా ఉంది. "సరైన కార్డు దొరికినా ఒక్కోసారి" అని ఆ పేజీ చివర ఒక వాక్యం మొదలవుతుంది. ఆ వాక్యం తర్వాతి పేజీలో పూర్తవుతుంది. ఆ పేజీని ఎవరో పాఠకుడు బ్లేడుతో శుభ్రంగా కోసుకుపోయాడు. వెనకవైపు బహుమతి కూపన్ ఉండి ఉంటుంది. మన గ్రంథాలయాల్లో జ్ఞానం ఎప్పుడూ కూపన్‌కి అవతలి వైపే ఉంటుంది.

కార్డుని రుమాల్లో చుట్టుకుని మసీదు సందులో ఉన్న భాయ్ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసేవాడు. ఈయన అదే బల్ల మీద, కంటికి అదే భూతద్దం పెట్టుకుని ల్యాప్‌టాపులు బాగుచేసేవాడు.

"ఏంటి గుమస్తా గారూ, పేషెంటేదీ? గుండెకాయొక్కటే పట్టుకొచ్చారు!"

"పేషెంటు కదలకూడదు భాయ్. దసరా దాకా."

"ఓహో, ఐసీయూలో ఉందన్నమాట."

కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, పోయిందన్నాడు. డబ్బాలోంచి అదే జాతివి రెండు తీశాడు. ఒకటి తళతళలాడే కొత్తది. ఇంకోటి ఎవరిదో విప్పేసిన ల్యాప్‌టాప్‌లోది, మా కార్డు మీద ఉన్న ల్యాప్‌టాప్ కంపెనీ చీటీ దాని మీద కూడా ఉంది.

"రెండూ పట్టుకెళ్ళండి. ఏది ఒప్పుకుంటే అదుంచుకోండి. ఈ కంపెనీ ల్యాప్‌టాపులకి పట్టింపులెక్కువ. వాళ్ళింటి చీటీ ఉన్న కార్డు కాకపోతే గడప తొక్కనివ్వవు."

నేను నవ్వి ఊరుకున్నాను. యంత్రానికి పట్టింపులేమిటి? అచ్చులో చూడని మాటని నేనంత తేలిగ్గా నమ్మేవాణ్ణి కాదు. అచ్చులో ఆ మాట ఉన్న పేజీ కూపన్‌తో పాటు పోయిందని అప్పటికి నాకు తెలియదు.

కొట్టుకి వచ్చి రెండు కార్డులూ పరుపు మీద పెట్టాను. షావుకారు గారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

"నంబరు చదువు."

"ఏ నంబరండీ? ఈ చీటీ మీద కరెంటు బిల్లు మీదకంటే ఎక్కువ ఉన్నాయి."

"ఏదో ఒకటి దానికే సొంతమైనది ఉంటుంది కదయ్యా."

ఇక్కడ నా చదువు నన్ను ఊరుకోనివ్వలేదు. ప్రతి కార్డుకీ పుట్టుకతోనే ఒక చిరునామా ఉంటుందని, లోకంలో ఇంకే కార్డుకీ అది ఉండదని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"అయితే అదే దాని జన్మనక్షత్రం. కూడు."

మా వీధిలో బండి కొన్నా, ఫోను కొన్నా నంబరు కూడటం మామూలే. కానీ ఈ చిరునామాలో అంకెల మధ్య ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉన్నాయి. షావుకారు గారు సిద్ధాంతి గారికి ఫోన్ చేశారు. ఏ అంటే ఒకటి, బి అంటే రెండు, అలా వరసగా వేసుకోమని ఆయన చెప్పారు. కొత్త కార్డు కూడితే ఆరు వచ్చింది. ఆరు శుక్రుడిది. బట్టల వ్యాపారానికి అంతకంటే ఏం కావాలి? పాత కార్డు కూడితే నలభై నాలుగు. మళ్ళీ కూడితే ఎనిమిది.

"శనిని తెచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చోబెడతావా?" అన్నారు షావుకారు గారు, ఆ కార్డుని చీపురు పుల్లతో అవతలికి నెడుతూ.

శుక్రుణ్ణి గూట్లో కూర్చోబెట్టాను. నల్ల వైరు, తెల్ల వైరు గుండీలు నొక్కాను. బ్యాటరీ పెట్టి మీట నొక్కితే తెర నల్లగా వచ్చి తెల్లటి అక్షరాలు పడ్డాయి. అనుమతి లేని కార్డు కనిపించింది, ఆపి తీసేయండి అని వాటి అర్థం. అంతే. అక్కణ్ణుంచి ముందుకి కదలదు. భాయ్ చెప్పిన పట్టింపు అదే. మనుషులు గోత్రం అడుగుతారని తెలుసు. పెట్టెలు కూడా అడుగుతాయని ఆ మధ్యాహ్నమే తెలిసింది.

"టైమెంత?" అన్నారు షావుకారు గారు.

"ఒంటిగంట ముప్పావండీ."

"అదీ సంగతి! గురువారం ఒకటిన్నరకే రాహుకాలం పట్టింది. మూడింటికి పెట్టు."

"అయ్యా, ఇది రాహుకాలం కాదండీ. కంపెనీ చీటీ లేని కార్డుని అది రానివ్వట్లేదు. ఆ పాతది పెడితే..."

"ఎనిమిదా? మాట్లాడకు."

మూడింటి దాకా కొట్లో ఎవరూ ఏమీ చేయలేదు. ఆవిడ క్యారేజీ విప్పి పెరుగన్నం తింది. నాలుగు ముద్దలు తిని మూత పెట్టేసి గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంది.

"షావుకారు గారూ, మన రాహువు బెంగుళూరులో కూడా ఇదే టైముకొస్తాడా?" అంది.

"ఎక్కడైనా రాహువు రాహువేనమ్మా."

"మరి బెంగుళూరాయన ఐదింటికి మూసేస్తానన్నాడే. ఆయనకి పంచాంగం లేదేమో పాపం."

మూడు కొట్టగానే మళ్ళీ మీట నొక్కాను. మళ్ళీ అవే తెల్లటి అక్షరాలు. ఒక్క అక్షరం కూడా మారలేదు. రాహువు వెళ్ళిన సంగతి ల్యాప్‌టాప్‌కి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక లాభం లేదని నేను నా అసలైన అస్త్రం తీశాను. కంప్యూటర్లు మనలా పదితో లెక్కపెట్టవు, పదహారుతో లెక్కపెడతాయి. తొమ్మిది తర్వాత అంకెలు చాలక ఏ, బి, సి అక్షరాలు వాడుకుంటాయి. కాబట్టి అక్కడున్నది ఏ అనే అక్షరం కాదు, పది అనే అంకె. బి పదకొండు, సి పన్నెండు. దీన్ని నేను లైబ్రరీలో ఒక లావుపాటి పుస్తకంలో, మూడు సాయంత్రాలు కూర్చుని అర్థం చేసుకున్నాను.

"సిద్ధాంతి గారు అక్షరాలుగా లెక్కేశారు. అది తప్పండీ. అవి అంకెలు. సరైన లెక్క వేస్తే ఎనిమిది రాదు" అన్నాను. ఎందుకు రాదో ఆలోచించలేదు. శాస్త్రం మన పక్కన ఉన్నప్పుడు ఫలితం కూడా మన పక్కనే ఉంటుందనుకున్నాను.

షావుకారు గారు ఆసక్తిగా ముందుకి వంగారు. ఆవిడ సంచీ పక్కన పెట్టి లేచి నిలబడింది. కాగితం మీద పెద్దగా రాసి కూడాను. పద్నాలుగు, పన్నెండు, పదకొండు, మిగతా అంకెలు. మొత్తం డెబ్బై ఒకటి.

"ఏడూ ఒకటీ?" అన్నారు షావుకారు గారు.

నేను మళ్ళీ పైనుంచి కూడటం మొదలెట్టాను.

"ఎనిమిది" అంది ఆవిడ మెల్లగా.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే తెలిసింది. పదిని మళ్ళీ కూడితే ఒకటే, పదకొండుని కూడితే రెండే. ఏ అక్షరమైనా అంతే. నా పుస్తకం, సిద్ధాంతి గారి బోర్డు వేరువేరు వీధుల్లోంచి బయల్దేరి ఒకే గుమ్మం ముందు ఆగాయి. ఆ రోజు మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. "చూశావా, మీ లెక్కలో కూడా శనే" అన్నారు షావుకారు గారు, ఎవరో పెద్దమనిషి సాక్ష్యం చెప్పినంత తృప్తిగా.

నాలుగు కావస్తోంది. ఆవిడ చెయ్యి చాచింది.

"ఆ సిద్ధాంతి గారికి ఫోన్ కలిపి నాకియ్యండి."

షావుకారు గారు ఎందుకో కాదనలేకపోయారు.

"అయ్యా, నమస్కారమండీ. నేను చీరలు నేసే వాళ్ళావిణ్ణి. ఒక్క ధర్మసందేహం. మేం నేసిన ప్రతి చీరకీ లోపలి మడతలో ఒక నంబరేస్తాం. కట్టుకున్నాక అది కుచ్చిళ్ళలోకి పోద్ది, ఎవరికీ కనపడదు. ఆ నంబరు ఎనిమిదైతే కట్టుకున్నావిడకి శనిపట్టుద్దాండీ?... పట్టదా? కనపడేదే లెక్కా?... మరి ఈ కార్డు నంబరు కూడా మూత కిందే ఉంటదండీ. మరలు కూడా బిగించేస్తారు. బండికి నంబరు ప్లేటు చూస్తారు గానీ ఇంజను మీద నంబరు చూడరు కదండీ?... ఆఁ, ఆఁ. ఆ మాటే కొంచెం షావుకారు గారితో అనండి."

షావుకారు గారు ఫోను చెవికి పెట్టుకుని చాలాసేపు ఊఁ కొట్టారు. పెట్టేశాక మాతో చెప్పింది ఒక్కటే వాక్యం.

"కంటపడని అంకెకి దృష్టి ఉండదట. దృష్టి లేనిదానికి ఫలం లేదట. బిగించు."

పొద్దున్నే ఆ మాట చెప్పి ఉండొచ్చు కదా అని నేను అనలేదు. పొద్దున్న ఎవరూ అడగలేదు. వైద్యుడైనా జ్యోతిష్కుడైనా అడగనిదానికి మందివ్వరు.

శుక్రుణ్ణి విప్పి శనిని పెట్టాను. తెల్ల వైరు గుండీ ఒక పట్టాన పడలేదు. "తొందరపడమాక తమ్ముడూ" అంది ఆవిడ, గడియారం వంక చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తూ. టక్కుమంది. మూత వేసి, మర బిగించి, పెట్టెని మామూలుగా తిప్పి మీట నొక్కాను. తెల్లటి అక్షరాలు రాలేదు. కంపెనీ బొమ్మ వచ్చింది. ఆ తర్వాత నాలుగు రంగుల కిటికీ వచ్చింది. చచ్చిపోయిన కార్డుకి ఇది తోబుట్టువే కాబట్టి దీనికి కొత్తగా ఏమీ నేర్పాల్సిన పని లేకపోయింది. ముందు అంచున నీలం దీపం రెండుసార్లు రెపరెపలాడి నిలబడింది.

ఫొటోలు ఒక్కొక్కటే పోతుంటే తెర మీద పచ్చగీత నత్తలా జరిగేది. ప్రతి ఫొటోకీ ఆవిడ "వెళ్ళిందా?" అనడం, నేను "ఇంకా వెళ్తోందక్కా" అనడం. చివరి కొంగ కూడా బెంగుళూరు వైపు ఎగిరేసరికి ఐదుకి పది నిమిషాలుంది. తర్వాత ముగ్గురం తెరకేసి చూస్తూ కూర్చున్నాం. ఎదురు కొట్టాయన ఏదో నెపంతో రెండుసార్లు లోపలికి తొంగిచూశాడు. రెండుసార్లూ షావుకారు గారు చీర మీద తువ్వాలు కప్పారు.

ఐదు దాటింది. ఐదుంబావు దాటింది. ఆవిడ చీర మడతపెట్టి సంచీలో పెట్టుకుంది. అప్పుడొచ్చింది జవాబు. షావుకారు గారు చదవమంటే గట్టిగా చదివాను. అంచు నచ్చింది, ఈ రంగులోనూ, ఆకుపచ్చలోనూ నేయించండి, మిగతా వివరాలు రేపు, అని ఉంది.

"నేను ముందే చెప్పానా? ఆరంకె కార్డు ముందు కూర్చుని స్థలం శుద్ధి చేసింది. ఆ తర్వాత ఎనిమిదొచ్చినా ఏం చెయ్యలేకపోయింది" అన్నారు షావుకారు గారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా వీధిలో ఎవరు కార్డు మార్చుకున్నా ముందు ఆరొచ్చే కార్డు ఒకటి తెచ్చి, పెట్టి, తీసి, అప్పుడు అసలుది పెట్టుకునేవాళ్ళు. భాయ్ ఆ పని కోసమే ఒక ఆరు నంబరు కార్డుని అద్దెకిచ్చేవాడు.

ఆవిడ ఆయన మాట వినలేదు. అప్పటికే చిన్న ఫోను తీసి ఇంటికి కలుపుతోంది. రింగవుతోంది. ఎత్తలేదు. మళ్ళీ కలిపింది. మళ్ళీ ఎత్తలేదు.

"మేస్త్రీ దగ్గరికి ఇవాళే వెళ్ళిపోయాడంటావా?" అన్నారు షావుకారు గారు నాతో, మెల్లగానే. కానీ ఆవిడకి వినపడింది.

మూడోసారి కలిపి ఫోను చెవికి పెట్టుకుని, అవతల అది మోగుతూ ఉంటే అలాగే నిలబడింది. ఆగిపోయేదాకా విని, అప్పుడు నవ్వింది. పొద్దున్నుంచి ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

"ఎత్తట్లేదంటే మగ్గం మీదున్నాడు. ఆ చప్పుడులో ఏం వినపడదు. దిగుంటే మొదటి రింగుకే ఎత్తేవాడు."

ఫోను సంచీలో వేసుకుని, చెప్పులేసుకుని, "బందరు బస్సు ఎన్నింటికుంది తమ్ముడూ?" అంది.